సూర్యాస్తమయం ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు: ఎస్ఆర్జీబీనా, పీ3నా, హెచ్‌డీఆర్‌నా?

పోయిన కార్తీకమాసంలో రాజమండ్రి పుష్కర్ ఘాట్‌లో ఒక సాయంత్రం ఫోటో తీశానండి. మన కోస్తాకి సముద్రం తూర్పున ఉంటుంది కాబట్టి నీళ్ళ మీద సూర్యోదయం ఎక్కడికెళ్ళినా దొరుకుతుంది గానీ, నీళ్ళ మీద సూర్యుడు దిగడం చూడాలంటే ఇలాంటి ఏటి గట్టుకే రావాలి. అవతల కొవ్వూరు వైపు ఆయన దిగిపోతుంటాడు, ఇవతల మెట్ల దగ్గర ఆడవాళ్ళు దొప్పల్లో దీపాలు వదులుతుంటారు, ఆర్చ్ బ్రిడ్జి నల్ల పెన్సిల్‌తో గీసినట్టు ఉంటుంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో సరిచేసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. నాన్నగారు ఫోన్ చేసి "ఏరా, సూర్యుడు కోడిగుడ్డు సొనలా ఉన్నాడేంటి, మనకి అలా కనపడలేదు కదా" అన్నారు. పిన్నికి అదే ఫోటో ఎండుమిరపకాయ రంగులో కనిపించిందట. డాలస్‌లో ఉన్న తమ్ముడు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చూసి "బాగా డల్‌గా ఉంది అన్నయ్యా, ఆరోజు మంచు పట్టిందా" అని మెసేజ్ పెట్టాడు. ఫైల్ ఒకటే, చూసినవాళ్ళు ముగ్గురు, ముగ్గురికీ మూడు రంగులు.

ఆ రోజు గట్టు మీద నేను చూసిన రంగు నాకు ఇంకా కళ్ళలోనే ఉంది, అది మా వాళ్ళకి చేరలేదంటే మనసొప్పలేదు. అప్పట్నుంచి దీని వెంటపడి, ఒకే ఫోటోని రకరకాలుగా సేవ్ చేసి, రకరకాలుగా పంపి, ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌లో పెట్టి చూశాను. ఎస్ఆర్జీబీ, పీ3 అనేవి ఫోటోలోని అంకెల్ని ఏ రంగులుగా చదవాలో చెప్పే కలర్ ప్రొఫైళ్ళు, హెచ్‌డీఆర్ అంటే ఎక్కువ వెలుగు చూపించే పద్ధతి, వీటిలో ఏది ఎంచుకోవాలో తేలక ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

## ముందు దేన్ని బట్టి ఎంచుకోవాలి

చాలామంది "ఏ ప్రొఫైల్‌లో రంగులు ఎక్కువ" అని మొదలెడతారు, నేనూ అలాగే మొదలెట్టాను. ఇప్పుడైతే నేను చూసేవి ఇవి.

ఒకటి, ఎవరు చూస్తారు, దేనిలో చూస్తారు. నాన్నగారి పాత ఎల్సీడీ ఫోన్‌కీ, తమ్ముడి కొత్త ఐఫోన్‌కీ, ఆఫీసు ల్యాప్‌టాప్‌కీ మధ్య చాలా తేడా ఉంది. తక్కువ రేటు ల్యాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ రంగుల పరిధి చెప్పే ఒక కొలత) అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది చూడండి, అంటే ఆ స్క్రీన్ మామూలు ఎస్ఆర్జీబీ రంగుల్లోనే దాదాపు మూడింట రెండు వంతులు మాత్రమే చూపించగలదు. అక్కడ మనం ఎంత పెద్ద ప్రొఫైల్ పంపినా ఉపయోగం లేదు.

రెండు, ఎరుపు నుంచి నారింజ దాకా ఉన్న ఆ మూల ఎంత నిలబడుతుంది. అడవి ఫోటోకి పచ్చదనం ముఖ్యం, మనకి ఇదే ముఖ్యం.

మూడు, ఆకాశం నున్నగా వస్తుందా లేక పట్టీలు పట్టీలుగా విడిపోతుందా. దీన్నే బ్యాండింగ్ అంటారు. సూర్యాస్తమయంలో ఆకాశం అంతా ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మెల్లగా జారుతుంది కాబట్టి కంప్రెషన్ (ఫైల్ సైజు తగ్గించడానికి కుదించడం) దెబ్బ ముందు తగిలేది అక్కడే.

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. దారిలో ఏదైనా పాడైతే ఎంత పాడవుతుంది? మనం పంపిన ఫైల్‌కి కలర్ ప్రొఫైల్ అని ఒక చీటీ అంటించి ఉంటుంది, ఈ నంబర్లని ఈ లెక్కలో చదవండి అని చెప్పే చీటీ. ఏదో ఒక యాప్ ఫైల్‌ని చిన్నది చేసేటప్పుడు ఆ చీటీ పీకేసిందనుకోండి, చదివేవాడు దాన్ని ఎస్ఆర్జీబీ అనుకునే చదువుతాడు. అప్పుడు మన ఫోటో ఎలా కనిపిస్తుందన్నదే అసలు పరీక్ష. అన్నీ సవ్యంగా జరిగినప్పుడు ఏ ఆప్షన్ అయినా బాగానే ఉంటుంది, అందుకే నేను ఎంచుకునేది చెడిపోయే తీరుని బట్టి.

## ఏ ప్రొఫైలూ కాపాడలేని తప్పు

ఆప్షన్లలోకి వెళ్ళే ముందు నాన్నగారి కోడిగుడ్డు సొన సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ప్రొఫైల్ వల్ల వచ్చింది కాదు, తీసేటప్పుడే వచ్చింది.

ఫోటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు ఉంటాయి, 8 బిట్ జేపెగ్‌లో ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. సూర్యుడి చుట్టూ ఉన్న మంచి నారింజ అంటే ఎరుపు 255 దగ్గర, పచ్చ 120 దగ్గర, నీలం బాగా కింద అనుకోండి. ఇప్పుడు ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, కొంచెం ఎక్కువైతే ఎరుపు ఇంక పెరగలేదు, 255 దగ్గరే ఆగిపోతుంది, కానీ పచ్చ మాత్రం 160, 180, 200 అని పెరుగుతూనే ఉంటుంది. ఎరుపూ పచ్చా సమానం అవుతున్నకొద్దీ వచ్చేది పసుపు. అదే సొన. నారింజ పసుపైపోవడం అంటే రంగు తప్పు కాదు, వెలుతురు తప్పు, ఇది తెలిసేదాకా నేను కలర్ స్లైడర్లు అటూ ఇటూ లాగుతూ కూర్చున్నాను.

అందుకని తీసేటప్పుడు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుతురు ఎలా పరుచుకుందో చూపించే గ్రాఫ్) తెల్లది ఒక్కటే చూడకుండా ఎరుపు చానల్ విడిగా చూడండి, అది కుడి గోడకి గుద్దుకోకూడదు. కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 దాకా తగ్గించుకుంటే చాలాసార్లు సరిపోతుంది. ఫోన్‌లో అయితే సూర్యుడి పక్కన వేలితో నొక్కి పట్టుకుని లాక్ అయ్యాక వెలుతురు కిందికి లాగండి. పడవలు, మనుషులు నల్లగా అయిపోతే అవ్వనివ్వండి, హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్ బుద్ధుడి వెనక సాయంత్రం తీసినా ఇదే సూత్రం, విగ్రహం నల్లగా ఉంటేనే వెనక ఆకాశం బతుకుతుంది.

వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుని బట్టి ఫోటో రంగులు సర్దే సెట్టింగ్) ఆటోలో పెడితే కెమెరా ఈ పసుపు ఎరుపుల్ని లోపం అనుకుని సరిదిద్దేస్తుంది, నీలం కలిపి చల్లార్చేస్తుంది. డేలైట్‌లో పెట్టండి, అంటే సుమారు 5200 నుంచి 5500 కెల్విన్. వీలైతే రా ఫైల్, అంటే కెమెరా సెన్సర్ చూసింది చూసినట్టు దాచే ఫైల్, తీసుకోండి, 12 బిట్ రా అంటే ఒక్కో చానల్‌లో 4096 మెట్లు, 14 బిట్ అయితే 16384, జేపెగ్‌లో 256 మాత్రమే. ఆకాశాన్ని కొంచెం లాగినా పట్టీలు రాకుండా ఉండేది ఆ మెట్ల వల్లే.

## ఎస్ఆర్జీబీ

1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించారు, 1999లో ప్రమాణం అయింది. అప్పటి డబ్బా మానిటర్లని దృష్టిలో పెట్టుకుని చేసింది, రంగుల పరిధి చిన్నదే. అయినా ఈరోజుకీ ఏ చీటీ లేని ఫోటోని ప్రపంచం దీని లెక్కలోనే చదువుతుంది, దీని బలమంతా అందులోనే ఉంది. చీటీ ఊడిపోయినా అర్థం మారదు.

సూర్యాస్తమయానికి దీనితో ఇబ్బంది ఎక్కడంటే, సూర్యబింబం చుట్టూ ఉండే చిక్కటి ఎరుపు నారింజల్లో కొన్ని ఈ పరిధిలో పట్టవు. పట్టనివాటిని మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ అంచుకి తెచ్చి అతికించేస్తుంది, దానివల్ల మబ్బు అంచుల్లో ఉన్న సన్నటి తేడాలు పోయి ఒకే ఎర్ర మరక అయిపోతుంది. చాలామంది ఎక్స్‌పోర్ట్‌లో పర్సెప్చువల్ (రంగులన్నిటినీ కలిపి మెల్లగా లోపలికి కుదించే పద్ధతి) అని ఎంచుకుంటే ఇది మెత్తగా జరుగుతుంది అనుకుంటారు గానీ మామూలు ఎస్ఆర్జీబీ ప్రొఫైల్‌లో దానికి కావాల్సిన పట్టికలు ఉండవు, ఏది ఎంచుకున్నా అంచుకి కోసెయ్యడమే జరుగుతుంది. మనమే చేతితో తగ్గించుకోవాలి. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సాఫ్ట్ ప్రూఫింగ్ ఆన్ చేసి ఎస్ఆర్జీబీ పెడితే పరిధి దాటినచోట గుర్తు చూపిస్తుంది, అక్కడ నారింజ, ఎరుపుల వెలుతురు కొంచెం తగ్గించండి, ఇంకా చాలకపోతే శాచురేషన్ (రంగు చిక్కదనం) కాస్త తగ్గించండి. మరక మళ్ళీ మబ్బు అవుతుంది. ఇలా చేతితో చేసిన ఎస్ఆర్జీబీ ఫోటో చూస్తే ఇందులో ఏదో తక్కువైందని ఎవరికీ అనిపించదు, ఇది నేను మా ఇంట్లో పక్కపక్కన పెట్టి చూపించి అడిగి తెలుసుకున్నది.

## అడోబ్ ఆర్జీబీ

డాలస్ తమ్ముడికి డల్‌గా కనిపించింది దీనివల్లే. కెమెరా మెనూలో కలర్ స్పేస్ దగ్గర రెండు ఉంటాయి, పెద్దది మంచిది కదా అని అడోబ్ ఆర్జీబీ పెట్టుకున్నాను, ఎక్స్‌పోర్ట్ కూడా అందులోనే చేశాను.

ఇది 1998లో వచ్చింది, ప్రింటింగ్ కోసం. ఎస్ఆర్జీబీ కన్నా పెద్దదే, కానీ ఆ పెద్దరికం అంతా పచ్చ, నీలిపచ్చల వైపు ఉంది. ఎరుపు మూల మాత్రం రెండిటికీ ఒకటే, ఒకే చోట ఉంటుంది. అంటే మనకి కావాల్సిన వైపు ఇది ఇచ్చేది చాలా తక్కువ. పైగా చీటీ ఊడితే ఇదే అందరికన్నా ఎక్కువ పాడవుతుంది. ఎస్ఆర్జీబీలో 255 ఉన్న నిండు ఎరుపుని అడోబ్ ఆర్జీబీలో రాస్తే 219 అని రాయాలి, చీటీ పోతే చదివేవాడు 219ని 219 గానే చదువుతాడు, ఎరుపు మసకబారిపోతుంది, దానితోపాటు మొహాలు, చీరలు, నీళ్ళు అన్నీ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. తమ్ముడు మంచు అనుకున్నది ఇదే.

సూర్యాస్తమయాన్ని ఆన్‌లైన్‌లో పంపడానికి దీన్ని ఎంచుకోవడానికి నాకు ఒక్క కారణం కూడా కనపడలేదు. ప్రింట్ వేయించేవాళ్ళ లెక్క వేరు. రా తీసేవాళ్ళకి కెమెరాలో ఆ సెట్టింగ్ ఏది ఉన్నా రా మీద ప్రభావం ఉండదు, జేపెగ్‌కే వర్తిస్తుంది.

వీటికన్నా ఇంకా పెద్ద ప్రొఫైల్ ప్రోఫోటో ఆర్జీబీ గురించి కూడా ఒక్క మాట: అది 16 బిట్‌లో ఎడిటింగ్ చేసుకోవడానికి మాత్రమే, బయటికి పంపడానికి కాదు.

## డిస్‌ప్లే పీ3

సినిమా ప్రొజెక్షన్ కోసం పెట్టుకున్న పీ3 రంగుల్ని తీసుకుని ఆపిల్ వాళ్ళు స్క్రీన్లకి తగ్గట్టు మార్చుకున్నది ఇది. 2016లో ఐఫోన్ 7 నుంచి ఐఫోన్లు ఫోటో తియ్యడమే ఇందులో తీస్తున్నాయి. ఎస్ఆర్జీబీ కన్నా సుమారు 25 శాతం పెద్దది, అందులో ఎరుపు మూల కూడా బయటికి జరిగింది. మన గోదావరి సాయంత్రానికి కావాల్సింది సరిగ్గా అదే. మంచి స్క్రీన్ మీద రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎస్ఆర్జీబీలో సూర్యుడి కింద మబ్బు ఇటుక ఎరుపులో ఉంటే, పీ3లో లోపల నిప్పు ఉన్నట్టు ఉంటుంది, ఆ చివరి 2, 3 నిమిషాల రంగు ఇందులోనే పట్టింది నాకు.

చీటీ ఊడితే? ఎస్ఆర్జీబీలోని నిండు ఎరుపుని పీ3లో రాస్తే 234, 51, 35 అవుతుంది. చీటీ లేకుండా చదివితే ఎరుపు కొంచెం ఇటుక వైపు జరుగుతుంది, మొత్తం మీద ఒక వీసం డల్ అవుతుంది. అడోబ్ ఆర్జీబీ అంత ఘోరం కాదు, తెలియనివాళ్ళు గమనించకపోవచ్చు కూడా. క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లు చీటీ ఉంటే చదువుతాయి, ఆండ్రాయిడ్‌లో 2017లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి కలర్ మేనేజ్‌మెంట్ ఉంది, అయితే ప్రతి యాప్ దాన్ని వాడుకుంటుందన్న గ్యారంటీ లేదు.

నా లెక్కలో వెడల్పు రంగులు కావాలనుకునేవాళ్ళకి సరైన ఆప్షన్ ఇదొక్కటే.

## హెచ్‌డీఆర్

ఇది రంగు కన్నా వెలుతురుకి సంబంధించింది. మామూలు ఫోటోలో సూర్యుడూ తెల్ల కాగితమూ ఒకే తెలుపు, అంతకన్నా వెలుగు చూపించే దారి లేదు. హెచ్‌డీఆర్‌లో సూర్యుడూ, నీళ్ళ మీద పడ్డ ఆ బంగారు దారీ మిగతా తెలుపు కన్నా నిజంగానే ఎక్కువ వెలుగుతాయి. మొదటిసారి తమ్ముడి ఫోన్‌లో వీడియో కాల్‌లో కాకుండా, వాడు ఇండియా వచ్చినప్పుడు చేతిలోకి తీసుకుని చూశాను, గట్టు మీద కళ్ళు చిట్లించుకున్నది గుర్తొచ్చింది.

ఇందులో మళ్ళీ రెండు దారులు. మొదటిది గెయిన్ మ్యాప్. ఫైల్ లోపల మామూలు ఫోటో ఒకటి ఉంటుంది, దాని వెనక ఎక్కడ ఎంత వెలుగు పెంచాలో చెప్పే చిన్న మ్యాప్ ఉంటుంది. స్క్రీన్ సత్తువని బట్టి ఆ మ్యాప్ వాడుకుంటుంది, లేకపోతే మామూలు ఫోటో చూపిస్తుంది. 2023లో ఆండ్రాయిడ్ 14తో వచ్చిన అల్ట్రా హెచ్‌డీఆర్ ఇలాంటిదే, పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 ఇలా తీస్తాయి, ఐఫోన్లు కూడా తమ పద్ధతిలో ఇలాంటి మ్యాప్ దాస్తాయి, అల్ట్రా హెచ్‌డీఆర్ క్రోమ్‌లో 116వ వెర్షన్ నుంచి కనిపిస్తుంది. రెండోది మ్యాప్ లేకుండా ఫైల్ మొత్తం హెచ్‌డీఆర్ గానే సేవ్ చెయ్యడం, అప్పుడు మామూలు స్క్రీన్‌లో ఎలా కనిపించాలో ఆ స్క్రీనే దాని ఇష్టప్రకారం తేల్చుకుంటుంది, మన చేతిలో ఏమీ ఉండదు. కుటుంబానికి పంపే ఫోటోకి ఇది వద్దు.

గెయిన్ మ్యాప్ ఫైల్ చెడిపోయే తీరు మంచిది, మ్యాప్ పోయినా కింద మామూలు ఫోటో మిగులుతుంది. కానీ మిగిలే ఆ ఫోటోని కూడా మీరు శ్రద్ధగా చేసి ఉండాలి. లైట్‌రూమ్‌లో 2023 అక్టోబర్ నుంచి హెచ్‌డీఆర్ ఎడిటింగ్ ఉంది, అందులో హెచ్‌డీఆర్ రూపం చూసుకుంటూ మురిసిపోయి మామూలు స్క్రీన్ ప్రివ్యూ చూడకుండా పంపేస్తే, పది మందిలో ఎక్కువమందికి వెళ్ళేది ఆ చూడని ఫోటోనే. ఇంకో సంగతి, రాత్రి చీకట్లో ఫోన్ చూస్తున్న పెద్దవాళ్ళకి ఒక్కసారిగా ఆ వెలుగు కళ్ళల్లో పొడిచినట్టు ఉంటుంది. వెలుగు మరీ పెంచకండి.

## ఒక్కచోట పెట్టి చూస్తే

| ఆప్షన్ | ఎరుపు, నారింజ | చీటీ లేదా మ్యాప్ పోతే | పాత, చవక స్క్రీన్‌లో | ఎవరికి |
|---|---|---|---|---|
| ఎస్ఆర్జీబీ | చేతితో సర్దితే బాగుంటుంది | ఏమీ కాదు | ఉన్నంతలో సరిగ్గానే | అందరికీ, గ్రూపులకి |
| అడోబ్ ఆర్జీబీ | ఎస్ఆర్జీబీకి దాదాపు సమానం | బాగా వెలిసిపోతుంది | డల్ అయ్యే ప్రమాదం ఎక్కువ | ప్రింటింగ్ వాళ్ళకి |
| డిస్‌ప్లే పీ3 | అన్నిటికన్నా బాగుంటుంది | కొంచెం డల్, ఇటుక ఛాయ | తేడా తెలియదు | కొత్త ఫోన్లు ఉన్నవాళ్ళకి |
| హెచ్‌డీఆర్, గెయిన్ మ్యాప్‌తో | ఫోటో ఏ ప్రొఫైల్‌లో ఉంటే దాన్ని బట్టి, వెలుగు అదనం | మామూలు ఫోటో మిగులుతుంది | మామూలు ఫోటోనే | లింక్ ఇచ్చి చూపించేవాళ్ళకి |

## కన్వర్ట్, అసైన్

పిన్నికి ఎండుమిరపకాయలా కనిపించడానికి సగం కారణం ఆవిడ ఫోన్ వివిడ్ మోడ్‌లో (రంగుల్ని కావాలనే చిక్కగా చూపించే సెట్టింగ్‌లో) ఉండటం. ఇంకోసారి ఇంకో ఫోటోకి మాత్రం తప్పు నాదే, ఎస్ఆర్జీబీ ఫైల్‌కి అసైన్ ప్రొఫైల్ అని పీ3 తగిలించాను, రంగులన్నీ ఒక్కసారిగా మండిపోయాయి. కన్వర్ట్ అంటే రంగు అలాగే ఉంచి అంకెలు మార్చడం. అసైన్ అంటే అంకెలు అలాగే ఉంచి అర్థం మార్చడం. మనకి ఎప్పుడూ కావాల్సింది కన్వర్ట్. ఎక్స్‌పోర్ట్‌లో ఎంబెడ్ ప్రొఫైల్ అన్న టిక్ కూడా ఉంచండి, దాని బరువు ఫైల్‌లో లెక్కలోకి రానంత తక్కువ.

చేతిలో ఉన్న ఫైల్ ఏదో తెలియాలంటే విండోస్‌లో ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో కలర్ రిప్రజెంటేషన్ చూడండి. ఎస్ఆర్జీబీ అని ఉంటే సరే. అన్‌కాలిబ్రేటెడ్ అని ఉంటే అది అడోబ్ ఆర్జీబీనో, పీ3నో అయ్యుంటుంది.

## వెలుతురు సంగతి

రంగు గురించి ఇంత గొడవపడతాం గానీ, ఫోటో చీకటిగా వచ్చింది, తెల్లబోయింది అన్న ఫిర్యాదులకి చాలావరకు కారణం ఎడిట్ చేసిన స్క్రీన్ బ్రైట్‌నెస్. రాత్రి లైట్లు ఆర్పేసి ఫుల్ బ్రైట్‌నెస్‌లో కూర్చుంటే మనకి ఫోటో ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది, తగ్గించేస్తాం, పొద్దున్నే బస్టాండ్‌లో నిలబడి చూసినవాళ్ళకి అది నల్లగా కనిపిస్తుంది. ఎడిటింగ్‌కి 80 నుంచి 120 నిట్స్ (స్క్రీన్ వెలుగుని కొలిచే లెక్క) మధ్య పెట్టుకోమంటారు. కొలిచే పరికరం లేకపోతే ఇలా చెయ్యండి, గదిలో మామూలు లైట్ వేసి, స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కన తెల్ల కాగితం పట్టుకోండి, రెండూ ఒకేలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. అసలు కొలత కాదు గానీ ఏమీ చెయ్యకపోవడం కన్నా ఎంతో నయం. తరచూ ఫోటోలు పెట్టేవాళ్ళు డేటాకలర్ స్పైడర్, కాలిబ్రైట్ లాంటి కాలిబ్రేటర్ (స్క్రీన్ రంగు, వెలుగు కొలిచి సరిచేసే పరికరం) కొనుక్కోవచ్చు, స్నేహితులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు, అది రోజూ వాడేది కాదు.

చూసేవాళ్ళ వైపు మనం చెయ్యగలిగింది తక్కువ. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, మనం సూర్యాస్తమయం ఫోటో పెట్టేది సాయంత్రం, సరిగ్గా ఆ టైమ్‌కే జనాల ఫోన్లలో నైట్ షిఫ్ట్, ఐ కంఫర్ట్ లాంటివి ఆన్ అయి స్క్రీన్ అంతా పసుపెక్కి ఉంటుంది. అప్పుడు వేడి రంగులు ఇంకా వేడెక్కుతాయి. నేను ఇప్పుడు మర్నాడు పొద్దున్న పెడుతున్నాను. మీరు ఎడిట్ చేసేటప్పుడు కూడా నైట్ లైట్, ట్రూ టోన్, వివిడ్ అన్నీ తీసెయ్యండి, శామ్‌సంగ్‌లో అయితే నేచురల్ మోడ్ పెట్టండి. ఇందులో ఏదో ఒకటి ఆన్‌లో ఉండగా ఫోన్‌లో ఎడిట్ చేసి రంగు బాలేదు అనుకోవడం చాలామంది దగ్గర చూశాను.

## పంపే దారులు

వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెల్స్‌కి దించి, మళ్ళీ కంప్రెస్ చేస్తుంది. జేపెగ్ కంప్రెషన్‌లో వెలుతురు వివరం కన్నా రంగు వివరాన్ని ఎక్కువ తగ్గిస్తారు, మనిషి కన్ను మామూలుగా గమనించదు కాబట్టి. కానీ నల్లటి బ్రిడ్జి పక్కన ఎర్రటి ఆకాశం ఉన్నప్పుడు ఆ అంచు గళ్ళు గళ్ళుగా తెలిసిపోతుంది. 2023 ఆగస్టులో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ దీనికి కొంత మేలు. అసలు ఫైల్ చెక్కుచెదరకుండా వెళ్ళాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి, 2 జీబీ దాకా వెళ్తుంది. ఇబ్బంది ఏంటంటే గ్రూప్‌లో పెద్ద బొమ్మలా కనిపించదు, నొక్కి తెరవాలి, పెద్దవాళ్ళు చాలామంది తెరవరు. ఐఫోన్ వాళ్ళు హెచ్ఈఐసీ ఫైల్‌ని (ఐఫోన్ జేపెగ్ బదులు సేవ్ చేసే రకం) అలాగే డాక్యుమెంట్‌గా పంపితే పాత ఫోన్లలో తెరుచుకోకపోవచ్చు, జేపెగ్ చేసి పంపండి. టెలిగ్రామ్‌లో కూడా ఫైల్‌గా పంపే దారి ఉంది, అదే పద్ధతి.

ఇన్‌స్టాగ్రామ్‌కి 1080 పిక్సెల్స్ వెడల్పుకి మీరే దించి పెట్టండి, నిలువు ఫోటో అయితే 1080 బై 1350. వాళ్ళు దించేకన్నా మనం దించితే అంచులు బాగుంటాయి. ఆకాశంలో పట్టీలు వస్తుంటే ఎడిటింగ్‌లో చాలా కొద్దిగా గ్రెయిన్ కలపండి, ఆ సన్నటి గరుకుదనం మెట్ల మధ్య గీతలని కలిపేస్తుంది. మరీ ఎక్కువ కలిపితే కంప్రెషన్ దాన్నే ముద్దలు చేస్తుంది కాబట్టి ఒకటికి రెండుసార్లు పెట్టి చూసుకోండి. ఫేస్‌బుక్‌కి 2048 పిక్సెల్స్ పొడవు.

రంగు విషయంలో నాకు ఎక్కువ నమ్మకం కుదిరింది లింక్ ఇవ్వడం మీద. గూగుల్ ఫోటోస్‌లో ఒరిజినల్ క్వాలిటీలో పెట్టి లింక్ పంపడం, లేదా ఫ్లికర్. స్టోరేజ్ సేవర్ పెట్టుకుని ఉంటే మళ్ళీ కంప్రెస్ అవుతుంది, సెట్టింగ్ ఒకసారి చూసుకోండి, ఉచితంగా ఇచ్చే 15 జీబీ కూడా లెక్కలో పెట్టుకోండి.

## మీరు ఎవరైతే ఏది

ఇంట్లోవాళ్ళకి, బంధువుల గ్రూప్‌కి పంపేవాళ్ళు ఎస్ఆర్జీబీ జేపెగ్, 2048 పిక్సెల్స్, క్వాలిటీ 85 నుంచి 90, హెచ్‌డీ ఆప్షన్‌లో. ఇంకేమీ ఆలోచించొద్దు. నేను ఇప్పుడు ఏ ఫోటో అయినా గ్రూప్‌లో వేసే ముందు నాన్నగారి ఫోన్‌కి ఒక్కరికే పంపి, ఆ ఫోన్‌లోనే చూస్తాను. అక్కడ మబ్బు మబ్బులా, సూర్యుడు నారింజలా ఉంటే ఇంకెక్కడైనా ఉంటుంది.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకి ఊరి సాయంత్రం చూపించాలనుకునేవాళ్ళు, వాళ్ళ చేతిలో మంచి ఫోన్లు ఉంటాయి కాబట్టి, పీ3లో సేవ్ చేసి లింక్ ఇవ్వండి. గెయిన్ మ్యాప్ హెచ్‌డీఆర్ చెయ్యగలిగితే ఇంకా మంచిది, లింక్‌తోపాటు "ఫోన్‌లో చూడు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కాదు" అని ఒక మాట రాయండి. తమ్ముడికి నేను అదే పంపాను, ఈసారి మంచు గురించి అడగలేదు, "ఆ దీపాల మెట్ల దగ్గరే కదా అమ్మ నిలబడేది" అని అడిగాడు.

ఫోన్‌తోనే తీసి ఫోన్‌లోనే పెట్టేవాళ్ళు ప్రొఫైల్ జోలికి వెళ్ళక్కర్లేదు, తీసేటప్పుడు వెలుతురు తగ్గించడం, నైట్ మోడ్ ఆపడం, శామ్‌సంగ్‌లో సీన్ ఆప్టిమైజర్ లాంటిది ఉంటే అది తీసెయ్యడం, ఇవే మీకు సగం పైగా పని చేసిపెడతాయి.

ఇన్‌స్టాలో పేరు తెచ్చుకోవాలని గట్టిగా చేస్తున్న కుర్రాళ్ళకి పీ3 పెట్టి చూడమంటాను, ఎందుకంటే అక్కడ చూసేది దాదాపు అందరూ ఫోన్‌లోనే. కానీ అప్‌లోడ్ చేశాక ఒక చవక ఆండ్రాయిడ్‌లో, ఒక ఐఫోన్‌లో తెరిచి చూసుకోండి, తేడా మీకు నచ్చకపోతే ఎస్ఆర్జీబీకి వచ్చెయ్యండి.

ఇక నాలాగే ఏళ్ళ తరబడి కెమెరాలో అడోబ్ ఆర్జీబీ పెట్టి జేపెగ్‌లు తీసి పెట్టుకున్నవాళ్ళు కంగారుపడకండి, ఆ ఫోటోలు పాడవ్వలేదు. చాలా కెమెరాల్లో అలాంటి ఫైళ్ళ పేరు అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది, పోల్చుకోవడం తేలిక. వాటిని అలాగే దాచుకుని, పంపాలనుకున్నప్పుడు ఒక కాపీ తీసి కన్వర్ట్ టు ప్రొఫైల్‌లో ఎస్ఆర్జీబీ ఎంచుకోండి. జింప్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఇమేజ్, కలర్ మేనేజ్‌మెంట్, కన్వర్ట్ టు కలర్ ప్రొఫైల్, డబ్బులేం కట్టక్కర్లేదు. ఎక్కువ ఉంటే లైట్‌రూమ్‌లో అన్నీ ఒకేసారి ఎంచుకుని ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, నావి ఒక రాత్రి పెట్టి వదిలేస్తే పొద్దుటికి అయిపోయాయి.